రెండోసారి అడిగిన దీవెన

కిందటి వారం మనం నెవార్క్ ఎయిర్‌పోర్టులో, ప్రయాణికులు బయటికి వచ్చే తలుపుల దగ్గర ఆగాం. అక్కడ ఒక ముసలావిడ చాచిన చెయ్యి గాలిలో ఉండిపోయింది.

ఆ చెయ్యి మనవరాలి నుదురు కోసం వచ్చింది. పెద్దవాళ్ళు కనబడగానే వాళ్ళ చెయ్యి అందుకుని, దాని వెనకవైపును నుదుటికి ఆనించుకోవడం ఫిలిప్పీన్స్ ఇళ్ళలో మర్యాద. దాన్ని మానో అంటారు. పలకరింపు కూడా దాని తరవాతే. నుదురు తగిలాక పెద్దవాళ్ళు, 'దేవుడు నిన్ను కనికరించుగాక' అని దీవిస్తారు. పర్సిస్ మాటలు సరిగ్గా రాకముందే మానో నేర్చుకుంది. తల్లి మారిసెల్ ఫిలిప్పీన్స్‌లోని లీపా నుంచి వచ్చిన నర్సు. తండ్రి వెస్లీ నరసాపురం నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. జెర్సీ సిటీలో పెరిగిన పర్సిస్, లీపాలో ఉన్న అమ్మమ్మకు, వాళ్ళ మాటలో లోలాకు, శనివారం శనివారం వీడియో కాల్‌లో మానో చేసేది. అక్కడ లోలా తన చేతిని కెమెరా దగ్గర పెట్టేది. ఇక్కడ పిల్ల టాబ్లెట్ అద్దానికి నుదురు ఆనించేది. వెస్లీ అదంతా పక్కనుంచి వీడియో తీసేవాడు. మారిసెల్ వాటిని ఒక పేజీలో పెట్టేది. అమెరికాలో పిల్లల్ని తమ పద్ధతిలో పెంచలేకపోతున్నామని కుమిలిపోయే తల్లులు ఎంతోమంది ఆ పేజీ చూసి కళ్ళు తుడుచుకున్నారు.

అలాంటి పిల్ల, పదిహేనేళ్ళు వచ్చాక, లోలా రెండు విమానాలు మారి వచ్చి ఎదురుగా నిలబడితే, హుడీ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు. మారిసెల్ ఎత్తి పట్టుకున్న ఫోను మెల్లగా కిందికి దిగింది. లోలా చెయ్యి కాసేపు అలాగే ఉండి, మనవరాలి భుజం మీద వాలింది.

*

టర్న్‌పైక్ హైవే మీద వెస్లీ కారు నడుపుతున్నాడు.

"వెస్లీ, లావయ్యావు," అంది లోలా వెనక సీట్లోంచి. ఆ ఇంట్లో అందరికీ కలిసే భాష ఇంగ్లీషు. లోలా బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది కాబట్టి ఆవిడ ఇంగ్లీషులో ప్రతి మాటా విడివిడిగా, బోర్డు మీద రాసినట్టుంటుంది.

"అవును నానాయ్." అత్తగారిని అతనూ భార్యలాగే నానాయ్ అని పిలుస్తాడు. అమ్మ అని అర్థం.

"మంచిదే. నా కూతురు బాగా వండిపెడుతోందన్నమాట."

"వండేది నేనే నానాయ్."

"మరి నువ్వెలా లావయ్యావు? వండినవాళ్ళు చిక్కిపోవాలి కదా."

పర్సిస్ కిసుక్కున నవ్వింది. ముందు సీట్లో మారిసెల్ నవ్వలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె మెడ మీద ఒక నరం కదులుతోంది. కోపం వచ్చినా మారిసెల్ గొంతు పెంచదు. ఆ నరమొక్కటే కదులుతుంది.

వెస్లీ అద్దంలోకి చూశాడు. లోలా చేతిసంచి పర్సిస్ ఒళ్ళో ఉంది. ఎవరు ఇచ్చారో, ఎప్పుడు తీసుకుందో అతను గమనించలేదు. సంచి పట్టీని పర్సిస్ రెండు చేతులతో, ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకుంది. అమ్మమ్మ అంటే లెక్కలేని పిల్ల ఆవిడ సంచిని అలా పట్టుకుంటుందా? ఆ ప్రశ్న వచ్చింది గాని, ముందు కారు బ్రేకు దీపాలు వెలగడంతో పోయింది. అతని ఆలోచనలు చాలా వరకు అలాగే పోతాయి. జవాబు దొరికి కాదు, అడ్డం ఏదో వచ్చి.

భార్య అలా అటే తిరిగి కూర్చోవడం భరించలేక కథ ఎత్తుకున్నాడు.

"నానాయ్, ఇది నాలుగేళ్ళప్పుడు మా తెలుగు చర్చిలో ఏం చేసిందో చెప్పానా? మా సంఘపెద్ద చెయ్యి పట్టుకుని నుదుటికి పెట్టుకుంది. ఆయనకి మానో ఏం తెలుసు? ప్రార్థన చెయ్యమంటోందనుకున్నాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. దీని ఆరోగ్యం అయింది, చదువు అయింది, మా హెచ్‌వన్‌బీ అయింది. ఆయన వదిలాడో లేదో పక్కనున్న పెద్దమ్మగారు చెయ్యి వేశారు. పాపం దీనికి మోకాళ్ళు పీకేశాయి."

"పీకలేదు," అంది పర్సిస్. "నాకు నచ్చింది. దే వర్ సో నైస్. ఎవరూ మళ్ళీ చెయ్యమనలేదు."

లోలా మనవరాలి వైపు తిరిగింది. వెస్లీకి అది మామూలు మాటగానే వినబడింది. ఎగ్జిట్ దగ్గర పడుతోంది. అతను లేన్ మారాడు.

*

వాళ్ళ అపార్ట్‌మెంటు ఇరవై రెండో అంతస్తులో ఉంది. లోలా కిటికీ దగ్గర నిలబడి, కింద న్యూయార్క్ వెళ్ళే పాత్ రైలు బొమ్మరైలులా స్టేషన్లోకి దూరడం చూసి, "ఇంత ఎత్తున పిల్లలు నేల మీద ఆడుకోవడం ఎలా నేర్చుకుంటారు?" అంది. ఎవరినీ అడగలేదు. తరవాత పెట్టె తెరిచింది. ఎండు మామిడి ముక్కలు, లీపా కాఫీపొడి, పర్సిస్‌కు ఒక తెల్ల జాకెట్టు. జాకెట్టు చిన్నదైపోయింది. లోలా దాన్ని మనవరాలి వీపుకి ఆనించి కొలిచి చూసి, మళ్ళీ మడిచి పెట్టేసింది.

భోజనాలయ్యాక లోలా సోఫాలో నడుం వాల్చింది. వంటింట్లో మారిసెల్ మొదలుపెట్టింది. గొంతు తగ్గించింది గాని, ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. ఒక గట్టు మాత్రమే ఉంది.

"మా అమ్మ అందరి ముందూ చెయ్యి చాచింది. నువ్వు చూస్తూ నిలబడ్డావు."

పర్సిస్ ప్లేట్లు తుడుస్తోంది.

"నీ ఫ్రెండ్ ప్రణవి వాళ్ళింట్లో నేర్చుకున్నావా? వీళ్ళు నేర్పారా?" మారిసెల్ గట్టు మీద ఉన్న పర్సిస్ ఫోనును వేలితో చూపించింది. "నీకు హియా అనేది లేకుండా పోయింది."

హియా అంటే సిగ్గు అని వెస్లీ చాలాకాలం అనుకున్నాడు. పెళ్ళైన కొన్నేళ్ళకు గాని అర్థం కాలేదు. ఎదుటివాళ్ళ ముఖం చిన్నబోకుండా చూసుకోవడానికి మన లోపల కాపలా ఉండేదాన్ని వాళ్ళు హియా అంటారు. అది లేదని పిల్లను అనడం వాళ్ళింట్లో చిన్న మాట కాదు.

"ఫోన్ ఇవ్వు."

పర్సిస్ తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఫోను తీసి, రెండు చేతులతో తల్లికి అందించింది. ఎదురు చెప్పలేదు. పదిహేనేళ్ళ పిల్ల ఫోను అంత సులువుగా ఇచ్చేస్తే గెలిచినట్టుండదు. మారిసెల్ దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది.

"సండే ప్రోగ్రాం ఉంది," అంది కాస్త మెత్తబడి. "మా చర్చి పారిష్ హాల్లో అందరూ వస్తారు. ముందు మన ఆ మానో వీడియో వేస్తారు. తరవాత నువ్వూ లోలా స్టేజి మీదికి వస్తారు. నేను మాట్లాడాల్సిన టాపిక్కే అది, ఈ కాలంలో మన విలువలతో పిల్లల్ని పెంచడం. ఎయిర్‌పోర్టులో చేసినట్టు అక్కడా చేస్తే నేను ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను?"

"అయితే మాట్లాడకు మామ్," అంది పర్సిస్.

ఆ మాటలో వెటకారం లేదు. బతిమాలుతున్నట్టుంది. మారిసెల్‌కు మాత్రం వెటకారంగానే వినబడింది. మెడ మీద నరం కదిలింది. పర్సిస్ బట్టల బుట్ట తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

"వెళ్ళు," అంది మారిసెల్ వెస్లీతో. "నీ భాషలో చెప్పు. నీ భాషలో చెప్తే వింటుంది."

సబ్బుడబ్బా అందుకుని వెళ్తూ వెస్లీ హాల్లోకి చూశాడు. లోలా కళ్ళు మూసుకుని పడుకుంది. కాని ఛాతీ మీద పెట్టుకున్న చేతుల్లో ఒక బొటనవేలు రెండోదాన్ని రుద్దుతోంది. ఆవిడ నిద్రపోవడం లేదు.

*

బిల్డింగు నేలమాళిగలో వాషింగ్ మెషీన్ల గది. ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. ఒక డ్రయ్యర్‌లో ఎవరివో బూట్లు దొర్లుతున్నాయి. పర్సిస్ తెల్లవీ రంగువీ వేరు చేస్తోంది.

తెలుగు వాళ్ళిద్దరికే ఉన్న భాష. మారిసెల్‌కు రాదు. పేజీలో ఒక్క తెలుగు వీడియో కూడా లేదు. పర్సిస్ తెలుగు విరిగిపోయి, క్రియలు ఎక్కడో జారవిడుచుకుని ఉంటుంది. అయినా ఆ భాషలో ఆమె ఎప్పుడూ నటించలేదు. ఆ సంగతి వెస్లీకి ఆ గదిలోనే మొదటిసారి తట్టింది. తట్టాక కాస్త భయం వేసింది.

"లోలా అంటే కోపమా తల్లీ?"

"కాదు."

"మరి ఏమైంది?"

"మామ్ ఫోన్ పైకి ఉంది."

"ఫోన్ ఉంటే ఏం? చిన్నప్పట్నుంచీ అలవాటేగా నీకు."

"అందుకే."

ఆమె ఒక మేజోడుకు జత వెతుకుతోంది. వెస్లీ బుట్టలో చెయ్యి పెట్టి రెండోది తీసి ఇచ్చాడు.

"ఒక్క సెకను పని నాన్నా. చేసేస్తే అయిపోయేది."

"ఒక్క సెకను కాదు డాడీ. యూ నో దట్." మేజోళ్ళు రెండూ కలిపి ముడివేసింది. తరవాత గొంతు మార్చింది. గొంతులో నరసాపురం వచ్చింది, అతని సాగతీత వచ్చింది, అతను ఒక కన్ను మూసి చూసే తీరు కూడా వచ్చింది. "'ఆగాగు. అద్దం మీద లైట్ పడతంది. లోలా కళ్ళు కనబడట్లేదు. ఇంకోసారి చెయ్యి నాన్నా. స్మైల్.'"

వెస్లీ నవ్వాడు. బాగా చేసింది మరి. నవ్వు సగంలో ఉండగా కూతురు నవ్వడం లేదని చూశాడు.

"ఎప్పుడన్నాను అలా?"

"లోలో పోయిన రోజు."

లోలో అంటే తాతయ్య, లోలా భర్త. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అప్పటికి పర్సిస్‌కు ఏడేళ్ళు. వీసా కాగితాలు మధ్యలో ఉండి మారిసెల్ తండ్రిని చివరిచూపు చూసుకోలేకపోయింది.

"ఆ రోజు కాదమ్మా," అన్నాడు వెస్లీ. "ఆ వీడియో పొద్దున్న తీశాం. లోలో పోయింది ఆ తరవాత, వాళ్ళకి రాత్రి, నిద్రలో. అమ్మ డ్యూటీ అయ్యాక లోలా ఫోన్లో చెప్పింది కదా."

"అప్పుడు చెప్పింది. పోయింది ముందు. లోలా మార్నింగ్ కాల్ చేసింది... అది చెప్పడానికే."

డ్రయ్యర్‌లో బూట్లు దొర్లుతూనే ఉన్నాయి.

"నేను ఫస్ట్ మానో చేశా. ఫస్ట్ మానో, తర్వాతే మాట్లాడాలి కదా. లోలా బ్లెస్ చేసింది. తర్వాత టాగలోగ్‌లో చెప్పింది. అనక్, లోలో పోయాడు, మామ్ ఉందా, అని." అనక్ అంటే బిడ్డా అని. పర్సిస్ అతని వైపు చూడకుండా తెల్లబట్టల మీద సబ్బు పోసింది. కొంచెం ఎక్కువే పోసింది. "అప్పుడు నువ్వు, ఆగాగు అన్నావ్."

వెస్లీకి వాళ్ళ భాష టాగలోగ్ రాదు. అత్తగారు మనవరాలితో మాట్లాడుతుంటే ఎప్పుడూ ఆ భాష అతనికి వర్షం చప్పుడులా ఉండేది. వినడానికి బాగుంటుంది, వినక్కర్లేదు.

"లోలా మళ్ళీ చెయ్యి పెట్టింది?" అని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్న కాదు. నోటికి వచ్చింది అదే.

"పెట్టింది. స్మైల్ చేసింది. నువ్వు అడిగావ్ కదా. అడిగితే లోలా నో అనదు." పర్సిస్ మూత వేసింది. "మళ్ళీ బ్లెస్ చేసింది. ఏడుస్తూ. తర్వాత నాకు మెల్లగా, ఎవరికీ చెప్పొద్దు అంది. మామ్ పేషెంట్స్ దగ్గర ఉంటుంది, డ్యూటీ అయ్యాక నేనే చెప్తా అంది. నేను ప్రామిస్ చేశా."

"ఇన్నేళ్ళూ..."

"ఎప్పటిదాకా అని లోలా చెప్పలేదు."

వెస్లీ మెషీన్‌కు ఆనుకున్నాడు. మనిషికి తను చేసిన తప్పు గుర్తుండదు. ఆ తప్పు జరిగినప్పుడు వెలుతురు ఎలా ఉందో గుర్తుంటుంది. అతనికి ఆ శనివారం పొద్దుటి ఎండ గుర్తుంది. తూర్పు కిటికీలోంచి వచ్చి టాబ్లెట్ అద్దం మీద తెల్లగా పడింది. అద్దంలో అత్తగారి ముఖం మాసిపోయి కనబడింది. ఆ కళ్ళలో నీళ్ళు అతను చూశాడు. చూడలేదని అనుకోవడానికి లేదు. చూశాడు గనకే మళ్ళీ చెయ్యమన్నాడు. దూరాన ఉన్న మనవరాలి మీద ప్రేమతో వచ్చిన కన్నీళ్ళనుకున్నాడు. అవి వీడియోలో సరిగ్గా కనబడాలనుకున్నాడు. కర్టెన్ లాగి, మళ్ళీ అడిగాడు. కర్టెన్ లాగుతున్నప్పుడు తనలో కలిగిన చిన్న సంతోషం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. పని బాగా కుదిరినప్పుడు కలిగే సంతోషం. దానికి ఇప్పుడు ఎక్కడ తలదాచుకోవాలో తెలియలేదు.

అత్తగారు ఆ తరవాత ఇంగ్లీషులో ఒక్క మాట అంది. "మారిసెల్‌ను డ్యూటీ అయ్యాక ఫోన్ చెయ్యమను." అతను చెప్తానన్నాడు. చెప్పాడు కూడా. ఆ మధ్యలో రెండో దీవెనను అందంగా కోసి, మొదటిదాన్ని తీసేసి, మారిసెల్ చూసుకోవడానికి పంపాడు. ఆమె విరామంలో చూసి, అక్కడి నుంచే పేజీలో పెట్టింది. పేజీ పెరిగింది ఆ వీడియోతోనే. 'ఈ కన్నీళ్ళు చూడండి, మన సంస్కృతి అంటే ఇదీ,' అని రాశారు ముక్కూముఖం తెలియని వాళ్ళు.

"నాకు ఎందుకు చెప్పలేదమ్మా? నాకైనా?"

"నువ్వు స్మైల్ చెయ్యి అన్నావ్," అంది పర్సిస్. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పింది.

ఆమే మళ్ళీ అంది. "సండే అది పెద్ద స్క్రీన్ మీద వేస్తారు. లోలా ముందు. లోలా అది ఎప్పుడూ చూడలేదు డాడీ. పంపిస్తే, కళ్ళు నొప్పి అంటుంది. తర్వాత మమ్మల్ని స్టేజి మీద మళ్ళీ చెయ్యమంటారు. మళ్ళీ." మెషీన్ బటన్ నొక్కింది. "నాకు లోలా చెయ్యి కావాలి. అలా వద్దు."

వెస్లీ కూతురి తల మీద చెయ్యి వెయ్యబోయి, ఆ చెయ్యి ఇప్పుడు ఏ హక్కుతో వెయ్యాలో తెలియక, మెషీన్ మీద పెట్టాడు.

"అమ్మకి నేను చెప్తాను."

"ఏం చెప్తావ్?"

అతను ఆలోచించాడు. మారిసెల్ ఎక్కడ మాట్లాడినా ఆ వీడియో గురించి ఒకే మాటతో ముగిస్తుంది. 'ఆ పొద్దున మా నాన్న బతికే ఉన్నాడు. మా అమ్మ సంతోషంగా ఉన్న చివరి పొద్దు అది. అది నా దగ్గర భద్రంగా ఉంది.' చివరిచూపు దక్కని మనిషి దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు నడిచింది. నిజం చెప్పడమంటే ఆమె చేతిలోంచి ఆ పొద్దును లాక్కోవడం.

"ఆ మార్నింగ్ మామ్‌ది," అంది పర్సిస్, అతని ఆలోచన విన్నట్టుగా. "తీసేయకు డాడీ. వీడియో ఒక్కటి వద్దను, చాలు. ఫైల్ పాడైంది అను. నీకు అవన్నీ వచ్చు కదా."

అవును, వచ్చు. అబద్ధం ఎలా ఉండాలో కూడా అప్పటికే అతని మనసులో తయారవుతోంది. సర్వర్, బ్యాకప్, పాత ఫార్మాట్. మారిసెల్‌కు ఆ మాటలు అర్థం కావు, నమ్ముతుంది. పద్దెనిమిదేళ్ళుగా అతని ఉద్యోగం చెడిపోయినవాటిని వెతకడం. ఇప్పుడు బాగున్నదాన్ని చెడిపోయిందని చెప్పాలి. దీన్ని నిజంగానే చెరిపేద్దామని ఒక క్షణం అనుకున్నాడు. ఆ వెంటనే గుర్తొచ్చింది, అతను ఏదీ చెరపడు. తీసిన ప్రతి వీడియో, కోతలు లేనిది, పేరూ తేదీతో సహా ఇంటి క్లౌడ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. వృత్తి అలవాటు. తీసేసిన మొదటి దీవెన కూడా అందులోనే ఉంది. ఆ తరవాత లోలా అన్న మాట కూడా.

ఇన్నేళ్ళూ తన ఇంట్లోనే, తన చేత్తోనే దాచి ఉంచాడు. ఒక్కసారి కూడా వినలేదు.

"పద," అన్నాడు.

*

తలుపు తెరవగానే కాఫీ వాసన వచ్చింది. లీపా కాఫీ, ఘాటుగా. సోఫాలో లోలా లేచి కూర్చుంది. మారిసెల్ తల్లి కాళ్ళ దగ్గర కార్పెట్ మీద, రెండు కాళ్ళూ ఒక పక్కకి మడుచుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టు నుంచీ లేని వెలుగు ఆమె ముఖంలో ఉంది. ఎదురుగా పెద్ద టీవీ వెలుగుతోంది. దాని మీద వెస్లీకి బాగా తెలిసిన ఫోల్డర్ తెరిచి ఉంది.

"వచ్చారా? రండి, కూర్చోండి," అంది మారిసెల్. "నానాయే అడిగింది, తెలుసా? ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆ వీడియో చూపించమంది. పేజీలోది పెట్టబోతే, అది కాదు, పూర్తిది కావాలంది. నాకు దొరకదేమో అనుకున్నా. నువ్వు ఎంత చక్కగా దాచావు వెస్లీ."

వెస్లీ అత్తగారి వైపు చూశాడు. ఆవిడ కళ్ళు నొప్పిగా ఏమీ లేవు. తేటగా ఉన్నాయి. వంటింటి గట్టు దగ్గర కూతురు మనవరాలిని అన్న ప్రతి మాటా విని, నిద్ర నటించి, అంతా తేల్చుకున్న కళ్ళు.

"నానాయ్, ఇప్పుడెందుకు? ప్రయాణం చేసి వచ్చారు. రేపు చూద్దాం," అన్నాడు. "అది పాత ఫార్మాట్ మారిసెల్. సరిగ్గా ప్లే..."

ప్లే అయింది. తెర మీద పాత హాలు వచ్చింది, తూర్పు కిటికీ వచ్చింది, పళ్ళు ఊడిన ఏడేళ్ళ పర్సిస్ వచ్చింది. ఆమె చేతుల్లో టాబ్లెట్, దాని మీద ఎండ. వెనకనుంచి వెస్లీ గొంతు, ఉల్లాసంగా, "రెడీయా నాన్నా?" అంటోంది.

రిమోట్ బల్ల మీద, కాఫీ కప్పు పక్కన ఉంది. వెస్లీ వంగి దాన్ని అందుకున్నాడు. బొటనవేలు మీట మీదికి వెళ్ళేలోపు ఒక చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. తేలికైన, ముడతలు పడిన చెయ్యి. ఇన్నేళ్ళలో అతను ఆ చేతిని ఒక్కసారి కూడా తన నుదుటికి పెట్టుకోలేదు. వీడియో తీస్తూ ఉండేవాడు.

"అప్పుడు నువ్వు ఆపలేదు," అంది లోలా, అతనికి మాత్రమే వినబడేలా, ప్రతి మాటా విడివిడిగా. "ఇప్పుడూ ఆపకు."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. తల తిప్పి, గుమ్మంలో ఖాళీ బుట్టతో నిలబడ్డ మనవరాలిని చూసింది. ఎప్పటిదాకా అని ఏడేళ్ళ పిల్ల అడగని ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నట్టు, నెమ్మదిగా తల ఊపింది.

తెర మీద చిన్న పర్సిస్ కళ్ళు మూసుకుని అద్దానికి నుదురు ఆనించింది. టాబ్లెట్‌లోంచి లోలా గొంతు దీవించింది. కింద కూర్చున్న మారిసెల్ పెదవులు ఆ గొంతుతో పాటే కదిలాయి, 'దేవుడు నిన్ను కనికరించుగాక,' ఆ మాటల చివర చిరునవ్వుతో.

పర్సిస్ బుట్ట కింద పెట్టింది. వెళ్ళి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. మారిసెల్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మారిసెల్ ఆశ్చర్యంగా కూతురి వైపు చూసింది. నవ్వు ఆమె ముఖం మీద ఇంకా అలాగే ఉంది.

తెర మీద లోలా గొంతు, "అనక్," అంది.